యాంగోన్‌లో సైనిక తిరుగుబాటు: జీతాల డబ్బు కోసం తిరిగిన నెలలు (నా అనుభవం)

మన వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా ఎవరో ఒకరు పెడతారు, "ఈ దేశం బాగుపడాలంటే ఓ ఐదేళ్లు మిలిటరీ రూల్ పెట్టాలి" అని. కింద పదిమంది జెండాలు, దండాలు పెడతారు. ఇదివరకు చూసి వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఒళ్లు మండుతుంది. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని పడగొట్టినప్పుడు నేను యాంగోన్‌లో ఉన్నాను, ఆ ఏడాది జూన్ దాకా అక్కడే ఉన్నాను. ఇండియా నుంచి మందులు తెప్పించి అమ్మే ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. కాబట్టి జనరల్స్ ఏం ఆలోచించారో నన్ను అడగొద్దు. మిలిటరీ రూల్ వస్తే నెలాఖరుకి తొంభై మంది స్టాఫ్‌కి జీతం ఎలా ఇవ్వాలో మాత్రం చెప్పగలను, ఎందుకంటే ఆ తలనొప్పి నాదే.

ఆ రోజు సోమవారం. తెల్లారి లేచేసరికి ఫోన్లో సిగ్నల్ లేదు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ, డెబ్బై దాటిన మనిషి, మెట్లెక్కి వచ్చి తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో సంగతి చెప్పింది. అమేని పట్టుకుపోయారు, ఆర్మీ వచ్చేసింది అని. అమే అంటే ఆంగ్ సాన్ సూచీ, ఆ ఎన్నికైన ప్రభుత్వాన్ని నడిపిన నాయకురాలు, అక్కడ చాలామందికి ఆవిడ అమ్మ. చెప్పిన మరుక్షణం ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బుట్ట పట్టుకుని నన్ను కూడా రమ్మంది. వీధిలోకి వెళ్తే అప్పటికే బియ్యం కొట్టు ముందు లైను, నూనె కొట్టు ముందు లైను, మలుపులో ఏటీఎం ముందు ఇంకా పెద్ద లైను. రేడియో, టీవీ చాలావరకు మూగబోయాయి, సైన్యానికి చెందిన మయావడీ చానెల్ మాత్రం వస్తోంది. ఏడాది పాటు అత్యవసర పరిస్థితి, అధికారాలన్నీ సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ చేతికి, అని చదువుతున్నారు. బ్యాంకులు ఆ రోజు మూసేశారు. కొత్త పార్లమెంటు మొదటిసారి కూర్చోవాల్సింది కూడా ఆ రోజే, రాజధాని నేపిడాలో. ఎంపీలు అప్పటికే ఊళ్లో దిగి ఉన్నారు, దిగిన చోటే కాపలా పెట్టేశారు.

కారణం ఏమిటంటే ఓటర్ల జాబితాలో కోటికి పైగా తప్పులున్నాయని సైన్యం మాట. 2020 నవంబరు ఎన్నికల్లో సూచీ పార్టీ ఎన్‌ఎల్‌డీ 476 సీట్లలో 396 గెలిచింది, సైన్యం వెనకేసుకొచ్చే యూఎస్‌డీపీకి 33 వచ్చాయి. ఎన్నికల సంఘం ఆ ఆరోపణలు నిలవవని కొట్టేసింది. ఇంకో విషయం, మిన్ ఆంగ్ లైంగ్‌కి 2021 జులైలో 65 ఏళ్లు నిండుతాయి, అంటే రిటైర్మెంట్. నాకు మాత్రం ఈ కారణమే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. సూచీ మీద మొదట పెట్టిన కేసేమిటో తెలుసా, వాకీటాకీలు అక్రమంగా దిగుమతి చేసుకుందని. అధ్యక్షుడు విన్ మైంట్ మీదేమో కోవిడ్ నిబంధనలు ఉల్లంఘించాడని, ప్రచారంలో వెళ్తున్న వాహనాలకి చెయ్యి ఊపాడట. మా ఆఫీసులో ఈ వార్త చదివి నవ్వుకున్న ఆఖరి రోజులవి.

నిజానికి అక్కడ సైన్యం ఎప్పుడూ పూర్తిగా దిగిపోలేదు. వాళ్లు రాయించుకున్న 2008 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో పావు వంతు సీట్లు యూనిఫారం వాళ్లవే. ముఖ్యమైన అంశాల్లో రాజ్యాంగం మార్చాలంటే 75 శాతం దాటిన మద్దతు కావాలి, అంటే వాళ్లు సరేననందే కుదరదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖలకి మంత్రుల్ని సైన్యాధిపతే ఇస్తాడు. పోలీసులు హోం శాఖ కింద. ఇన్ని చేతిలో పెట్టుకుని కూడా సరిపోలేదన్నమాట. 2011లో సైన్యం నేరుగా పాలించడం మానుకున్నాక వచ్చిన పదేళ్ల సడలింపు చూసి మా కంపెనీలాంటివి ఎన్నో అక్కడికి వెళ్లాయి. సిమ్ కార్డు వందల డాలర్లు పలికిన దేశంలో కూరగాయలమ్మే ఆమె కూడా ఫోన్లో డబ్బు తీసుకునే రోజులొచ్చాయి. మేం ఆ పదేళ్లే చూశాం. ఓనరమ్మ దానికి ముందు యాభై ఏళ్లు కూడా చూసింది.

ఇది నాకు బాగా అర్థం చేయించింది మాకు అట్టపెట్టెలు సప్లై చేసే పెద్దాయన. ఆయనది తెలుగు కుటుంబమే, తాతల నాడు మన కోస్తా నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు. ఆయన తెలుగు శ్రీకాకుళం యాసలో, మధ్యమధ్యలో బర్మా మాటలతో ఉండేది. రెండో రోజు ఫోన్లు పనిచెయ్యగానే చేసిన ఫోన్ ఆయనదే. "ఏటి బాబూ, ఇంకా బేంకులోనే ఉంచీసినావా డబ్బులు? ముందు బియ్యం, నూనె కొను. నోట్లు ఎప్పుడు చెల్లవంటారో ఈళ్లకే తెలీదు" అన్నాడు. నేను మరీ చాదస్తం అనుకున్నాను గానీ ఆయన లెక్క ఆయనకుంది. 1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారం లాక్కున్నాక, మరుసటి ఏడాది బ్యాంకులు జాతీయం చేశారు, 1964 మార్చిలో దుకాణాలు. మౌల్‌మైన్‌లో వీళ్ల నాన్న కిరాణా కొట్టుకి ఒక రోజు పొద్దున సిపాయిలొచ్చి సరుకు లెక్క రాసుకుని, కొట్టు పేరు తీసేసి ప్రజా దుకాణం అని నంబరు బోర్డు పెట్టారట. మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు (క్యాట్ అంటే అక్కడి రూపాయి). ఆ రెండు దెబ్బలకీ ఈయన బాబాయిలు విశాఖ ఓడెక్కారు, నాన్న మాత్రం కదల్లేదు. 1987లో మళ్లీ అదే, ఈసారి 25, 35, 75 నోట్లు, పైసా పరిహారం లేకుండా. వాటి బదులు 45, 90 నోట్లు వాడమన్నారు, నె విన్‌కి తొమ్మిది అంకె కలిసొస్తుందని అంటారు. ఆ మరుసటి ఏడాదే విద్యార్థులు రోడ్డెక్కారు, 1988 సెప్టెంబర్‌లో ఇంకో సైనిక తిరుగుబాటు. 1990లో ఎన్నికలు పెట్టి, ఎన్‌ఎల్‌డీ గెలిస్తే అధికారం ఇవ్వలేదు.

మాది విశాఖ కంచరపాలెం. మా వైపు బర్మా క్యాంప్ అని ఉంటుంది, 1960ల్లో రంగూన్ (ఇప్పటి యాంగోన్) నుంచి వచ్చినవాళ్లకి ఇచ్చిన చోటు. చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటూ, ఆ వీధుల్లోనే క్రికెట్ ఆడుతూ పెరిగాను, అక్కడి ముసలివాళ్లు ఏం పోగొట్టుకుని వచ్చారో ఒక్కసారీ అడగలేదు. యాంగోన్‌లో కూర్చుని ఈయన నోట వింటే అప్పుడు తెలిసింది, ఫిబ్రవరి 1 పొద్దున ఏటీఎం ముందు ఆ లైను ఎందుకో. ఏ అధికారీ నోట్లు రద్దన్న మాట అనలేదు. అయినా ఒక తిరుగుబాటులో పోయిన డబ్బు తర్వాతి తిరుగుబాటు నాటికి మనవళ్లని కూడా ఏటీఎం దగ్గరికి పరిగెత్తిస్తుంది. నా దృష్టిలో రాజకీయ అస్థిరత అంటే ముందు ఇదే. ప్రభుత్వాలు మారడం తర్వాత సంగతి.

ఫిబ్రవరి 2 రాత్రి 8 గంటలకి మా వీధంతా గిన్నెలు మోగాయి. దుష్టశక్తుల్ని తరిమేటప్పుడు అలా మోగిస్తారట అక్కడ. ఓనరమ్మ అల్యూమినియం మూత సొట్టలు పడేదాకా కొట్టింది. ఆ తర్వాత రోజూ అదే టైంకి. మాండలే వైపు డాక్టర్లు మొదట డ్యూటీ మానేశారు, తర్వాత టీచర్లు, రైల్వే, కస్టమ్స్, బ్యాంకు ఉద్యోగులు. సీడీఎం అనేవాళ్లు, సహాయ నిరాకరణ. ఫేస్‌బుక్ 4వ తేదీన ఆపేశారు, ఆ వారాంతంలో ఇంటర్నెట్ మొత్తం ఆపేశారు, 15 నుంచి రోజూ రాత్రి 1 నుంచి పొద్దున 9 దాకా నెట్ కట్. నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి కార్లు "చెడిపోయాయి" అని వందల మంది ఆపేసిన రోజు మా డెలివరీ వ్యాను కూడా అందులో ఒకటి, డ్రైవర్ నన్ను అడగలేదు, నేనూ మర్నాడు అడగలేదు. జనం కొనడం మానేసరికి సైన్యం కంపెనీ బీరు కొట్లలోంచి మాయమైంది. ఆ నెల జనంలో ఉన్న ఊపు చూస్తే గెలుస్తారనే అనిపించింది.

ఈ సమ్మె ఎంత నచ్చినా, నెలాఖరు వచ్చేసరికి నా పని మీద పడింది. మా కంపెనీ ఖాతా ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకులో. ఖాతాలో డబ్బుంది, యాప్‌లో కనిపిస్తుంది. బ్రాంచిలో మాత్రం మనుషులు లేరు, షట్టర్ సగం దించి సెక్యూరిటీ అతను ఒక్కడే. మార్చి నుంచి సెంట్రల్ బ్యాంక్ పరిమితి పెట్టింది, మనిషికి వారానికి 20 లక్షల క్యాట్లు, కంపెనీకి 2 కోట్లు, ఏటీఎంలో రోజుకి 5 లక్షలు. కాగితం మీద అది చాలు. కానీ ఏటీఎంలో డబ్బు పెట్టే మనిషే లేకపోతే పరిమితి ఎంతైతే ఏం. తర్వాత టోకెన్లు మొదలయ్యాయి. రాత్రి కర్ఫ్యూ 4 గంటలకి ఎత్తేయగానే వెళ్లి లైన్లో చెప్పులు, ఇటుకలు, నీళ్ల సీసాలు పెట్టేవాళ్లు. కొందరు టోకెన్లు అమ్ముకున్నారు కూడా. నోట్ల ముద్రణకి ముడిసరుకు ఇచ్చే జర్మనీ కంపెనీ మార్చి ఆఖరులో సరఫరా ఆపేసిందని వార్త రాగానే ఉన్న నోట్లు కూడా బీరువాల్లోకి వెళ్లిపోయాయి.

దాంతో ఒకే దేశంలో రెండు రకాల డబ్బు తయారైంది. ఖాతాలో ఉన్నది ఒకటి, చేతిలో ఉన్నది ఒకటి. ఫోన్ వాలెట్‌లోకి లక్ష పంపితే ఏజెంటు చేతికి 95 వేలు ఇచ్చేవాడు, పరిస్థితి బిగుసుకున్న వారాల్లో 90 వేలే. చదువుకున్న అకౌంటెన్సీలో దీనికి పద్దు ఎక్కడా లేదు. కమీషన్ ఎవరు భరించాలి? జీతం లక్ష అని రాసిచ్చి 90 వేలు చేతికిస్తే స్టాఫ్ ఊరుకోరు, కంపెనీ భరిస్తే ఇండియాలో హెడ్డాఫీసు వాళ్లు "ఈ క్యాష్ కమీషన్ ఏమిటి, బిల్లు పంపండి" అంటారు. నల్లబజారు ఏజెంటు బిల్లిస్తాడా. వీడియో కాల్ పెట్టి ఆ లైను చూపిద్దామంటే నెట్ లేదు.

చివరికి మేం చేసిందేమిటంటే, మెడికల్ షాపుల నుంచి వసూలైన నగదు బ్యాంకులో వెయ్యడం మానేశాం. వసూళ్లకి తిరిగే కుర్రాళ్లు సాయంత్రం తెచ్చిన డబ్బు ఆఫీసులో ఇనప్పెట్టెలో పెట్టి, దాంట్లోంచే జీతాలు. అప్పటిదాకా షాపులకి నెల, నెలన్నర అప్పు మీద సరుకిచ్చేవాళ్లం, అది ఆపేసి డబ్బిస్తేనే సరుకన్నాం. పాత షాపుల వాళ్లు మొహం మీదే తిట్టారు. తిట్టినవాళ్లే పై వారం వాళ్ల కస్టమర్లకి అప్పు ఆపేశారు, బీపీ మాత్రలు నెలకి సరిపడా కొనే మనిషి వారానికి, తర్వాత మూడు రోజులకి కొనడం మొదలెట్టాడు. అంటే మా జీతాల నగదు ఎవరి జేబులోంచి వచ్చిందో నాకు బాగానే తెలుసు. వేరే దారి ఉందా అంటే నాకైతే తట్టలేదు, ఇప్పటికీ తట్టడం లేదు.

పంచడం ఇంకో తంతు. అప్పుడు అక్కడ పెద్ద నోటు 10 వేల క్యాట్లు, అప్పటి లెక్కన మన 500 రూపాయల చిల్లర. తొంభై మంది జీతమంటే గోనెసంచిలో పట్టేంత. మా సీనియర్ క్యాషియర్, యాభై ఏళ్ల ఆవిడ, నోట్లు మూడు కుప్పలు చేసేది. కొత్తవి, నలిగినవి, చిరుగున్నవి. ప్రతి కవర్లో మూడూ సమానంగా పడాలి, లేకపోతే గొడవ. ఎందుకంటే చిరుగు నోటు కూరగాయల కొట్టులో తీసుకోరు, తీసుకున్నా తక్కువకి తీసుకుంటారు. డాలర్ల సంగతి అంతకు ముందు నుంచే తెలుసు, మడత పడిన వంద డాలర్ల నోటు అక్కడ చెల్లదు, పుస్తకంలో పెట్టి ఇస్త్రీ చేసినట్టు దాచుకోవాలి. ఇప్పుడు సొంత దేశం నోటుకి కూడా అదే మర్యాద. ఆవిడ కవర్ల మీద పేర్లు రాసి, సగం నగదు సగం వాలెట్ అని పక్కన గుర్తు పెట్టి, పిల్లలున్న వాళ్లకి నగదు కాస్త ఎక్కువ వేసేది. ఆ పద్ధతి నేను చెప్పింది కాదు, ఎవరూ అభ్యంతరం కూడా చెప్పలేదు.

ఆ సంచితో రోడ్డు మీద తిరగడం అసలు టెన్షన్. చెక్‌పోస్టుల్లో సంచి కంటే ముందు ఫోన్ అడిగేవాళ్లు. గ్యాలరీ తెరిచి ఫొటోలు, ఫేస్‌బుక్, ఆపేసిన సైట్లు తెరవడానికి వాడే వీపీఎన్ యాప్ ఉందా అని. అందరూ రెండు ఫోన్లు పెట్టుకున్నారు, బయటికి తీసుకెళ్లేది పాత డబ్బా ఫోను. ఒకసారి సూలే పగోడా దగ్గర మా వ్యాను ఆపారు. పిల్లాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చేతిలో తుపాకీ. నా పాస్‌పోర్ట్ తిరగేసి, నా ఫోన్లో మా పాప పుట్టినరోజు ఫొటోలు ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూశాడు. కేకు ఫొటో దగ్గర ఆగాడు, ఏదో అడిగాడు, డ్రైవర్ ఏదో చెప్పాడు, వదిలేశారు. సంచి వైపు చూడనే లేదు. బండి కదిలాక డ్రైవర్ చెప్పాడు, అది ఏ కొట్టు కేకు అని అడిగాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ చేతులు మాత్రం ఆఫీసు చేరేదాకా వణికాయి.

సరుకు సంగతి వేరే. పోర్టులో కంటైనర్లు దిగాయి, విడిపించే కస్టమ్స్ వాళ్లు సమ్మెలో, లాగే లారీ డ్రైవర్లు సమ్మెలో, కస్టమ్స్ కాగితాలు పెట్టే ఆన్‌లైన్ సిస్టమ్ నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. ఇన్సులిన్ లాంటి చల్లగా ఉంచాల్సిన సరుకు విమానంలో వచ్చేది, మామూలు విమానాలు కోవిడ్ మొదలు 2020 మార్చి నుంచే లేవు. ఏది ఎప్పుడు వస్తుందో చెప్పలేక సేల్స్ వాళ్లు ఫోన్లెత్తడం మానేశారు. ప్రభుత్వ ఆసుపత్రులు సగం ఖాళీ, సమ్మెలో ఉన్న డాక్టర్లు చాటుగా చారిటీ క్లినిక్కుల్లో చూసేవాళ్లు, వాళ్లకి మందులు పంపితే మాకు ఇబ్బంది, పంపకపోతే మనస్సాక్షికి ఇబ్బంది. ఏం చేశామో ఇక్కడ రాయను.

మార్చిలో అంతా మారిపోయింది. ఫిబ్రవరి 28న ఒక్క రోజే కనీసం 18 మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది, మార్చి 3న 38 మంది. వీధుల మీద తాళ్లు కట్టి ఆడవాళ్ల లుంగీలు ఆరేశారు. వాటి కింద నుంచి వెళ్తే మగవాడి తేజస్సు పోతుందని అక్కడి నమ్మకం, సిపాయిలు ఆగి వాటిని దించుకుంటూ వెళ్లాల్సొచ్చేది. మార్చి 14న హ్లయింగ్ తాయాలో ఫ్యాక్టరీలు కాలాయి, చాలామంది కార్మికులు చనిపోయారు, మార్షల్ లా పెట్టారు. అది బట్టల ఫ్యాక్టరీల పేట, మా గోడౌన్లో పనిచేసే వాళ్లలో చాలామంది ఇళ్లు అటే. మర్నాడు పొద్దున్నించి జనం మూటలు, ఫ్యాన్లు, కుక్కలు, రైస్ కుక్కర్లు లారీల్లో, మూడు చక్రాల బళ్లలో వేసుకుని ఊళ్లకి వెళ్లిపోయారు. మా వాళ్లలో పదిహేను మంది ఆ నెల జీతం తీసుకోవడానికి కూడా రాలేదు. వాళ్ల కవర్లు ఇనప్పెట్టెలో అలాగే ఉండిపోయాయి, కొందరివి నేను వచ్చేసిన తర్వాత కూడా. 15 నుంచి మొబైల్ డేటా కూడా పోయింది. 27న సాయుధ దళాల దినోత్సవం, నేపిడాలో కవాతు జరుగుతున్న రోజే దేశంలో వందమందికి పైగా చంపేశారు.

రాత్రిళ్లు ఇంకో రకం. ఇంట్లో బయటివాళ్లు పడుకుంటే వార్డు ఆఫీసులో చెప్పాలన్న పాత నిబంధన మళ్లీ తెచ్చారు. అరెస్టులు రాత్రే. ఫిబ్రవరి 12న 23 వేల మందికి పైగా ఖైదీల్ని వదిలారు, వాళ్లు ఇళ్లు తగలబెట్టడానికే వచ్చారని పుకార్లు, కుర్రాళ్లు వీధుల చివర వెదురు కర్రలతో కాపలా. మా సేల్స్ కుర్రాడొకడు ఇంటికి వెళ్తే పట్టుకుంటారని ఆఫీసులో కార్టన్ల మధ్య పడుకున్నాడు కొన్ని రాత్రులు. ఒకరోజు పొద్దున చూస్తే లేడు, బకాయి వసూళ్ల పుస్తకం మాత్రం నా టేబుల్ మీద, ఆఖరి రోజు దాకా లెక్క సరిగ్గా రాసి. తర్వాత తెలిసింది థాయ్ సరిహద్దు వైపు వెళ్లాడని.

నేను ఎందుకు ముందే వచ్చెయ్యలేదని అందరూ అడుగుతారు. రెండు కారణాలు. ఒకటి, రిలీఫ్ ఫ్లైట్లు తప్ప వేరే లేవు, సీటు దొరకడం కష్టం. రెండు, ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఇండియాలో కోవిడ్ సెకండ్ వేవ్. మా ఆవిడ ఫోన్లో "మీరు అక్కడే ఉండండి, ఇక్కడ ఆక్సిజన్ దొరకట్లేదు" అంటుంది, మా అమ్మేమో "ఏట్రా, తుపాకులున్న చోట ఉండమని చెప్తందేటి నీ పెళ్లాం" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. చివరికి జూన్‌లో సీటు దొరికింది. 72 గంటల్లోపు ఆర్టీపీసీఆర్ రిపోర్టు కావాలి, ల్యాబులో సగం మంది సమ్మె. రిపోర్టు వచ్చాక ఇండియాకి వచ్చేవాళ్ల కోసం అప్పట్లో పెట్టిన ఎయిర్ సువిధ సైట్‌లో అప్‌లోడ్ చెయ్యాలి, నాకు మొబైల్ డేటా లేదు, ఫైబర్ నెట్ ఉన్న ఒక హోటల్ లాబీలో కాఫీ మీద కాఫీ తాగుతూ ఆ ఫారం నింపాను. "మీరు గత 14 రోజుల్లో ఏ దేశంలో ఉన్నారు" అన్న గడి దగ్గర లింకు మూడుసార్లు తెగిపోయింది. ఆపైన స్టే పర్మిట్ తేదీ, ఓవర్‌స్టే ఫైను కట్టడానికి మడత పడని డాలర్లు. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో డ్రైవర్‌కి నా డబ్బా ఫోను ఇచ్చేశాను, అతనికి రెండోది కావాలన్నాడు.

ఆ పాటికి చనిపోయినవాళ్లు 800 దాటారు, ఇది రాజకీయ ఖైదీల సహాయ సంఘం పేరు పేరునా రాసుకున్న లెక్క. నేను వచ్చిన నెలకే జులైలో అక్కడ కోవిడ్ డెల్టా రకం వచ్చింది. కొద్ది వారాల క్రితం ఇక్కడ చూసిన ఆక్సిజన్ లైన్లే అక్కడ, కాకపోతే సమ్మె చేసిన డాక్టర్లని వెతికి పట్టుకుంటున్న దేశంలో. మా క్యాషియర్ భర్త అప్పుడే పోయాడు.

స్థిరత్వం కోసమే వచ్చామన్నది సైన్యం మాట. తిరుగుబాటుకి ముందు డాలర్ 1,330 క్యాట్లు, సెప్టెంబర్ చివరికి బయట 2,500 దాటింది. ప్రపంచ బ్యాంకు లెక్కలో ఆ ఏడాది దేశ ఆర్థిక వ్యవస్థ 18 శాతం కుంచించుకుపోయింది. ఏప్రిల్ 16న సూచీ పక్షం వాళ్లు, కొన్ని జాతుల నాయకులు కలిసి సైన్యానికి పోటీగా జాతీయ ఐక్య ప్రభుత్వం అని పెట్టుకున్నారు, మే నెలలో దానికో దళం. ఫిబ్రవరిలో గిన్నెలు కొట్టినవాళ్లలో కొందరు ఏడాది తిరక్కుండా తుపాకీ పట్టారు. ఇదివరకు సరిహద్దు కొండల్లో ఉండే యుద్ధం మైదానాల్లోకి, బర్మీయులు ఎక్కువగా ఉండే మధ్య ప్రాంతాల్లోకి దిగింది. 2023 అక్టోబర్ 27న మూడు సాయుధ దళాలు కలిసి ఉత్తరాన దాడి మొదలెట్టాక సైన్యం చాలా పట్టణాలు పోగొట్టుకుంది. ఏడాది అన్న అత్యవసర పరిస్థితిని ఆర్నెల్లు ఆర్నెల్లు పొడిగించుకుంటూ పోయారు. సైన్యం చేతికి మొత్తం వెళ్తే క్రమశిక్షణ వస్తుందనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. పోస్టాఫీసు, కస్టమ్స్, బ్యాంకు కౌంటరు నడిపేది సిపాయిలు కాదు, గుమస్తాలు. గుమస్తా రేపట్నుంచి రానంటే తుపాకీ పెట్టి కూర్చోబెట్టొచ్చు, కానీ అతను వేసిన సంతకాన్ని జనం నమ్మాలి కదా.

2024 ఫిబ్రవరి 10న నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చారు, మగవాళ్లకి 18 నుంచి 35, ఆడవాళ్లకి 18 నుంచి 27 ఏళ్ల మధ్య. మా యాంగోన్ ఆఫీసులో ఇప్పుడు ఇరవై మంది కూడా లేరు, లెక్కలు నేను విశాఖ నుంచే చూస్తాను. ఆ వారం నాకు వచ్చిన మెయిళ్లన్నీ ఒకటే, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలి, పాస్‌పోర్ట్‌కి, థాయ్‌లాండ్‌లో పనికి, దుబాయ్‌లో పనికి. అడిగిన వాళ్లందరికీ ఇచ్చాను. వాళ్లలో కొందరు నోట్ల కట్టలు మోసిన కుర్రాళ్లే, వాళ్ల సర్టిఫికెట్లో "నగదు నిర్వహణలో విశేష అనుభవం" అని నేనే కలిపాను. ఇప్పుడు నా అసలు తగాదా మారకం రేటుతో. 2022 ఆగస్టులో సెంట్రల్ బ్యాంక్ డాలర్‌కి 2,100 క్యాట్లు అని అధికారిక రేటు పెట్టింది, 2024 మధ్యకి బయట 4,000 దాటేసింది. ఏడాది లెక్కలు తేల్చేటప్పుడు ఆడిటర్ ఏ రేటు వెయ్యమంటారని అడిగితే రెండు రేట్లతో రెండు బ్యాలెన్స్ షీట్లు పంపాను. ఒకదాంట్లో కంపెనీ లాభంలో ఉంది, రెండోదాంట్లో నష్టంలో. ఆయన ఇంకా ఏదీ ఖాయం చెయ్యలేదు.